కొట్టే చెయ్యి

నారాయణగూడలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో కిష్టమ్మ ఆయమ్మ. మగవార్డులో లేవలేనివాళ్ల ఒంటేలూ దొడ్డీ చూసేది ఆమే. చిక్కడపల్లి చౌరస్తాలో ఆటో గుద్ది కాలు విరిగి నేనూ ఆమె చేతిలో పడ్డాను. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పెద్దమనిషిని కదా, మొదటిరోజంతా బిగబట్టాను. "పంతులుసారూ, కడుపుల దాసుకుంటే బ్యాంకుల ఏసినట్టు మిత్తి రాదు," అని నడుం కిందికి బెడ్‌పాన్ తోసింది. ఇంత మోటుమనిషిని ఎక్కడా చూడలేదని లోపల తిట్టుకున్నాను.

పక్క మంచం పెద్దులుది. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ. అశోక్‌నగర్‌లో హాస్టల్ కడుతూ స్లాబ్ మీంచి పడ్డాడు. వెన్నుపూస విరిగి నడుం కింద స్పర్శ పోయింది. ఒంటేలుకు పైపూ సంచీ పెట్టారు. దొడ్డికి ఎప్పుడు వస్తుందో అతనికే తెలియదు. కాళ్ల బలం కూడా చేతుల్లోకే ఎక్కిందేమో, తుడవడానికి వచ్చినవాళ్లందరినీ కొట్టేవాడు. ఒక అటెండర్ ముక్కు పగలగొట్టాడు. సంచి పీకి గోడకేసి కొట్టాడు. పెళ్లాం శ్రీలక్ష్మి తడిగుడ్డ పట్టుకుని దగ్గరికొస్తే జుట్టు పట్టి మంచం ఊచకేసి బాదాడు.

"నా పెంట ముట్టినవంటే సంపుత!"

ఆమె నుదురు చీరుకుపోయి రక్తం కారింది. నా కాలేమో తాడుకు వేలాడుతోంది, అరవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. వాడి చేతులు కూడా పడిపోయి ఉంటే బాగుండుననిపించింది.

నుదుటికి కుట్లు వేశాక సిస్టర్ మనోరమ చెప్పింది. "ఇంటికి పోయినంక రోజూ నువ్వే చెయ్యాలమ్మా. తడిల పడుంటే పుండు పడుతది. పుండు ముదిరితే మనిషి దక్కడు."

"చేస్తే నన్ను సంపుతడు, చెయ్యకుంటే ఆయన సస్తడు. నేనేం జెయ్యాలె సిస్టర్?" అంది శ్రీలక్ష్మి.

మనోరమ కుట్ల ట్రే సర్దుకుని వెళ్లిపోయింది. కిష్టమ్మ మాత్రం బకెట్ కింద పెట్టి పెద్దులు చేతుల వంక చాలాసేపు చూసింది.

కిష్టమ్మ చిటికెనవేలు వంకర. మొగుడు మాసయ్య తలుపుసందున పెట్టి నొక్కాడట. ఒకరోజు రోకలి అందుకుని అతని మోకాలు పగలగొట్టి, అడిక్‌మెట్‌లో కిరాయి గది వదిలి వచ్చేసింది. ఈ సంగతి బెడ్‌పాన్లు కడుగుతూ, కూర మాడిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పేది.

మర్నాడు పొద్దున పెద్దులుకు టీ తాగించింది. వేడిది పడితే పేగు కదులుతుంది, తర్వాత లోపల వేలు పెట్టి తిప్పితే దొడ్డికి వస్తుంది. రోజూ అదే వేళకు అలవాటు చేస్తే మిగతా పొద్దంతా పక్క పాడవదు. అక్కడి పద్ధతి అది. పరదా లాగి అతన్ని ఎడమపక్కకు తిప్పబోయింది. పక్కనున్న స్టీలు బెడ్‌పాన్ లాక్కుని పెద్దులు ఆమె ముఖాన కొట్టాడు. పెదవి చిట్లింది. పెనుగులాటలో పరదా ఊడిపడింది. కిష్టమ్మ రక్తం ఉమ్మి, అతని మణికట్టు పట్టి పరుపుకేసి అదిమింది.

"కొట్టనీకి లేస్తది గదా చెయ్యి! గా చెయ్యితోనే కడుక్కో. నీ పెండ్లాం ముట్టది, నేనూ ముట్ట. నువ్వే జేసుకో!"

"ఇడువు! నీ తల పలగొడ్త!"

"పలగొట్టు. అయినంక గ్లవ్స్ ఏసుకో."

రెండో చేత్తో ఆమె గొంతు పట్టుకున్నాడు. కిష్టమ్మ ఆ చెయ్యి కొరికింది. ఇది ఏ నర్సింగ్ పుస్తకంలోనూ ఉండదు. పట్టు సడలగానే తిప్పి పడుకోబెట్టి, అతని చేతికే గ్లవ్స్ తొడిగి, వేలికి జెల్లీ రాసి వెనక్కి తీసుకెళ్లింది.

"మెల్లగ. లోపటికి పోనియ్యి. గుండ్రంగ తిప్పు. జర ఆగు. మల్ల తిప్పు."

పెద్దులు బూతులు తిడుతూనే తిప్పాడు. కాసేపటికి కింద పరిచిన షీటు మీదికి వచ్చింది. అతనికి తెలియలేదు.

"అయింది," అంది కిష్టమ్మ.

తిట్లు ఆగిపోయాయి. "వచ్చిందా?" అని అడిగాడు. తన ఒంట్లోంచి వచ్చింది కూడా ఇంకొకరు చెబితే తెలుసుకున్నాడు. గోడవైపు ముఖం పెట్టి భోరుమన్నాడు. నిన్నటిదాకా అతన్ని శపించిన నాకే ఏడుపొచ్చింది.

"ఏడ్సుడు తర్వాత. ముందుగాల కడుక్కో," అంది కిష్టమ్మ, పెదవికి దూది అదుముకుంటూ.

కొరికినందుకు మనోరమ ఆమెను చెడామడా తిట్టింది. తిట్టదగిన పనే. అంతమాత్రాన పెద్దులు బుద్ధిమంతుడైపోయాడా అంటే, కుక్కతోక సామెత ఊరికే పుట్టలేదు. రోజూ తిట్టేవాడు, గ్లాసు విసిరేవాడు, చివరికి తనే చేసుకునేవాడు. సంచీ తనే వొంపుకునేవాడు. శ్రీలక్ష్మి నీళ్లూ సబ్బూ అందించి పరదా బయట నిలబడేది.

డిశ్చార్జి రోజు పొద్దున టీ ఆలస్యమైంది. శ్రీలక్ష్మి కప్పుతో వచ్చేసరికి పెద్దులు చెయ్యెత్తాడు. నా మంచం దగ్గరున్న కిష్టమ్మ ఒక అడుగు వేసి ఆగిపోయింది.

శ్రీలక్ష్మి గాల్లోనే అతని మణికట్టు పట్టుకుంది. అచ్చం కిష్టమ్మ పట్టినట్టే. రెండో చేతిలో కప్పులోంచి టీ ఒలికింది. మణికట్టు మాత్రం వదల్లేదు.

"సల్లారకముందే తాగు," అంది. "తాగి గ్లవ్స్ ఏసుకో. ఇంటికి పోవాలె."