విమానం మూడు గంటలే అన్నారు

మొన్న మా మనవరాలు ఫోనులో వెతికి, హైదరాబాద్ నుంచి గౌహతికి విమానంలో మూడు గంటలు కూడా పట్టదు తాతా అని చదివి వినిపించింది. నిజమే, ఆకాశంలో అంతే. పాలమూరు నుంచి పారలూ తట్టలూ పట్టుకుని దేశమంతా తిరిగి ఆనకట్టలు, రోడ్లు కట్టిన నా ఈడువాళ్లకు మాత్రం ఆ లెక్క వింటే నవ్వొస్తుంది, ఎందుకంటే మాకు గౌహతి అంటే రైల్లో సద్దిమూటలన్నీ అయిపోయి, బయట వినబడే భాష ఒకటికి నాలుగుసార్లు మారి, కిటికీలోంచి చూడడానికి కూడా విసుగు పుట్టేంత దూరం.

తెలంగాణ వచ్చిన మరుసటేడు నేను గౌహతి అవతలి కొండల్లో సొరంగం పనికి మేస్త్రీగా ఉండగా, అమ్రాబాద్ దగ్గర మా ఊళ్లో నాయిన పోయాడు. గొర్రెలు కాసి మమ్మల్ని పెంచిన మనిషి. పెద్దకొడుకు ముందుగా పిడికెడు మట్టి వేస్తే గాని మా ఇంట్లో ఎవరినీ పూడ్చరు. అక్కడి ఇంజనీరు పుణ్యాత్ముడు, తనే నాకు టికెట్టు తీసి, ఊళ్లో ఉన్న మా తమ్ముడికి ఫోను చేయించి, విమానం మూడు గంటలే, అంతవరకూ ఆపమనండి అని చెప్పించాడు.

ఆ ఫోను పెట్టేసిన క్షణం నుంచే ఇంటిదగ్గర మూడు గంటలు లెక్కపెట్టుకున్నారు. కొండ దిగి గౌహతి చేరడానికే నాకు సాయంత్రమైందని వాళ్లకెవరు చెప్పాలి? విమానంలో ఫోను ఆపేయమన్నారు, ఆపేశాను, మళ్లీ ఎప్పుడు తెరవాలో ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. మొదటిసారి విమానమెక్కానన్న మాటే గాని చూసిందేమీ గుర్తులేదు, నాయిన ముఖం దక్కుతుందా లేదా అన్నదొక్కటే మనసులో ఉంది. శంషాబాద్‌లో దిగి, శ్రీశైలం బస్సు కోసం కాచుకుని, మన్ననూరులో ఆటో ఎక్కి ఊరు చేరేసరికి తెల్లారి ఎండెక్కింది.

వాకిట్లో ఏడుపులు వినబడ్డాయి. తీరా చూస్తే నాయిన పక్కన కూర్చున్న అమ్మ నా పేరు పెట్టి ఏడుస్తోంది. నన్ను చూసి లేచి రెండు చెంపలూ తడిమి, "వచ్చినవా కొడుకా, గా ఇమానం పడిపాయెననుకున్న" అని, నాయిన వైపు తిరిగి, "జర చూడు, నీ కొడుకొచ్చిండు" అని నవ్వింది. చావింట్లో ఆమె అలా నవ్వితే ఒక్కరూ తప్పు పట్టలేదు.

తర్వాత్తర్వాత నా మోకాళ్లు అరిగి నేను ఇంటిపట్టునే ఉండిపోతే, తమ్ముడు ఆ వైపు పనులకు వెళ్లాడు. పోయినేడు అమ్మ పోయింది. ఇప్పుడు ఆ కొండల్లో మంచి రోడ్డు పడింది, విమానాలూ ఎక్కువయ్యాయి, పొద్దున్నే బయలుదేరితే చీకటిపడే వేళకు వాకిట్లో ఉండొచ్చు. ఆపుతాం రమ్మన్నాను. వాడు ఫోనులోనే అమ్మ ముఖం చూపించమని, చూసి, చాలాసేపు ఏడ్చి, "నా కోసం ఆపకుండ్రి అన్నా, చూసిన గద, కానియ్యుండ్రి" అన్నాడు. వాణ్ని తప్పు పట్టలేను, పని వదిలి రావడమంటే ఏమిటో నాకు తెలుసు. పొద్దు వాలకముందే అంతా ముగిసిపోయింది. దూరాలు తగ్గాయని అందరూ అంటారు, నేనూ కాదనను. నాయిన ఒక పగలూ ఒక రాత్రీ నా కోసం ఆగాడు. అమ్మకు ఎవరి కోసమూ ఆగాల్సిన పని లేకపోయింది.