జీపుకు కుంకుడు రసం

జూన్ పదిహేను, సోమవారం. పొద్దున్నుంచీ మబ్బు, ఉక్కపోత, చినుకు మాత్రం లేదు. ఆ రోజు ఎల్బీనగర్ అవతల, బండ్లకు ఫిట్‌నెస్ చూసే మైదానంలో, ముక్కూ మొహం తెలియని ఇన్‌స్పెక్టర్‌గారికి నేను తలంటు పోశాను. కావాలని కాదు.

మా జీపుకు ఇరవై ఎనిమిదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల దుకాణం నడిచినన్నాళ్లూ పోచంపల్లి నుంచి మూటలు మోసింది అదే. దుకాణం ఎత్తేశాక మా ఆవిడ అనసూయ ఒకటే మాట చెప్పింది. "ఈసారి ఫిట్‌నెస్ రాకుంటే తుక్కుకు పోతది. ఇగ మాట్లాడేది లేదు."

మీర్‌పేట్‌లో ఉండే మా బామ్మర్ది యాదగిరి అందుకున్నాడు. "తుక్కుకేస్తే స్టెప్నీ టైరన్న నాకియ్యి బావా."

ఆ మాట విన్నప్పటినుంచి నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. బ్రేకులు, లైట్లు మెకానిక్ చూశాడు. మిగిలింది ముందు అద్దం మీద నీళ్లు చిమ్మే వాషర్. బటన్ నొక్కితే దగ్గుతుంది గానీ చుక్క రాదు. ఏళ్లతరబడి బోరు నీళ్లు పోశాం కదా, నాజిళ్లలో సున్నం పేరుకుంది.

గుండుసూదితో పొడిచి సున్నం తీశాను. చీలిన పైపు మార్చాను. అక్కడితో ఆగాల్సింది. కానీ నేను ఆ కాలపు బీఎస్సీ ఫిజిక్స్. పాత సామాన్ల దుకాణంలో వెతికి పెద్ద కారు వాషర్ మోటారు తెచ్చి బిగించాను.

ఇంకో సంగతి. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ఒకసారి, లారీ మీదినుంచి మగ్గిన మామిడిపళ్ల బుట్ట మా అద్దం మీద పడింది. సబ్బుకు వదలని జిగురు కుంకుడు రసానికి వదిలింది. ఆ జ్ఞాపకమే నా కొంప ముంచింది. కిలో కుంకుడుకాయలు తెచ్చి, సగం కొట్టి, నానబెట్టి, బట్టలో వడగట్టి వాషర్ బాటిల్ నింపాను.

"తలకు పోసుకునేటియి బండికి పోస్తవా? పోస్తే పోసినవ్, బండి స్టార్ట్ చేసన్న చూడు" అంది అనసూయ.

ఇంజిన్ ఆపే చూశాను. ధార సరిగ్గా అద్దం మధ్యన పడింది. పై మూలకు కూడా అందాలని నాజిల్ కొంచెం ఎత్తాను. ఇంజిన్ నడుస్తుంటే కరెంటు పెరిగి మోటారుకు ఇంకా జోరు వస్తుందన్న ముక్క ఈ ఫిజిక్స్ బుర్రకు తట్టలేదు.

మైదానంలో మా అమ్మాయి స్వప్న నా పక్కన కూర్చుంది. చైతన్యపురిలో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతుంది, ఆ రోజు సెలవు పెట్టింది. ఇన్‌స్పెక్టర్‌గారు జీపు వెనక నిలబడి బ్రేక్ లైటు చూస్తున్నారు.

"బాగుంది. ఇప్పుడు వాషర్ కొట్టండి" అన్నారు.

ఇంజిన్ నడుస్తూనే ఉంది. నొక్కాను. ధార అద్దాన్ని ముట్టలేదు. టాపు మీదుగా ఎగిరి వెనక్కి పోయింది. అద్దం పొడిగానే ఉందే అని ఇంకోసారి, గట్టిగా నొక్కాను.

వెనక నుంచి కేక. దిగి చూస్తే ఆయన రెండు కళ్లూ మూసుకుని ఉన్నారు, మీసం నిండా నురగ.

"ఏం పోశారండీ ఇందులో?"

"కుంకుడు రసం సార్."

"చిన్నప్పటి మంటే. అనుకున్నాను."

స్వప్న నీళ్ల సీసాతో పరుగెత్తింది. "రుద్దకుండ్రి సార్, తల వంచుండ్రి." వెనక వరసలో ఉన్న ఆటో ఆయన ఊరుకున్నాడా? "జర శీకాయ గూడ కలపకపోయినవా పెద్దాయనా, జుట్టు మెరుస్తుండె."

ఎర్రటి కళ్లతో ఇన్‌స్పెక్టర్‌గారు కాగితం తిరిగి ఇచ్చారు. "బండికేం రోగం లేదు. వారం తర్వాత మంచినీళ్లు పోసుకుని రండి. తోలేవాణ్ణి కూడా మార్చండి."

"ఆర్సీ నా పేరు మీద చేస్తేనే తోలుత" అంది స్వప్న. తుక్కు కంటే నయం కదా, ఒప్పుకున్నాను. తనే నాజిల్ దించింది, తనే తోలింది, జీపు పాసయింది.

అట్లా జీపు స్వప్నకు పోయింది. మిగిలిన కుంకుడుకాయలు అనసూయకు దక్కాయి. స్టెప్నీ మీద ఆశ పెట్టుకున్న యాదగిరికి, పాపం, నా పాత గుండుసూదైనా రాలేదు. నాకు మాత్రం పక్క సీటు ఇచ్చారు. మొన్న చినుకులకు అద్దం బురదబురద అయితే, "నొక్కనా అమ్మా?" అని అడిగాను.

"చేతులు ఒళ్లె పెట్టుకొని కూసో బాపు" అంది.