రెండో మేకు బిళ్ళ

ఈ ఉదయం మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, నా గది తలుపు పక్కన మేకుకు వేలాడే ఇత్తడి బిళ్ళను తీసి, శుభ్రంగా తోమి, నా టేబుల్ మీద పెట్టింది. "పాతదేదో వేలాడుతుంటే తీసేశాను మేడమ్" అంది, మెచ్చుకుంటాననుకుని. నేను లేచి వెళ్ళి దాన్ని మళ్ళీ మేకుకే తగిలించి వచ్చాను. ఎలుకల మెదడులో జ్ఞాపకం ఏ దారిన నడుస్తుందో వెతకడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళయింది. నన్ను ఆ పనిలోకి దింపింది ఆ బిళ్ళే.

మా నాయిన మణుగూరు వైపు ఒక బొగ్గుబావిలో ల్యాంప్ రూం మనిషి. లోపలికి దిగే ప్రతి కార్మికుడూ తన నంబరు బిళ్ళ ఇచ్చి తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. ల్యాంప్ రూం గోడ మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా దిగువనే ఉన్నట్టు. తన షిఫ్టులో దిగినవాళ్ళలో చివరి మనిషి బిళ్ళ పట్టుకుపోయేదాకా నాయిన అక్కణ్ణించి కదిలేవాడు కాదు. అన్నం చల్లారిపోతోందని అమ్మ ఎంత గొణిగినా అంతే.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఆయనకు జ్వరమొచ్చి మెదడుకెక్కింది. మనిషి దక్కాడు గానీ, "పాతవి ఉంటాయి, కొత్తదేదీ నిలవదు" అన్నాడు దవాఖానాలో డాక్టరు. ఇక ప్రతి ఐదు నిమిషాలకూ ఒకటే ప్రశ్న, "బిడ్డ వచ్చిందా?" అని. "ఇప్పుడే చెప్తి గదయ్యా, కాలేజికి పోయిందని!" అనేది అమ్మ. ఆమె ప్రతి ఆదివారం చర్చిలో ఓపిక ఇమ్మని ప్రార్థించేది, దేవుడు దాన్ని సోమవారానికి సరిపడా మాత్రమే ఇచ్చేవాడు. ఒకరోజు నాయిన నన్ను వెతుక్కుంటూ వెళ్ళి చర్ల పోయే బస్సెక్కేశాడు. ఎవరో గుర్తుపట్టి దింపి తీసుకొచ్చారు. ఇక తలుపుకు తాళం వేద్దామంది అమ్మ. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అంతమంది క్షేమంగా పైకొచ్చేదాకా కాచుకున్న మనిషిని తాళం వేసి ఉంచుతామా?

ఆయన తోటి పనివాణ్ణి అడిగి నంబర్లు అరిగిపోయిన పాత బిళ్ళలు రెండు తెచ్చాను. ముందు తలుపు పక్కన చెక్క బిగించి రెండు మేకులు కొట్టాను. మొదటిది అమ్మది, రెండోది నాది. బయటికి వెళ్ళేటప్పుడు బిళ్ళ తగిలించాలి, వచ్చాక తీసుకోవాలి. "ఇది ఎవలు కొట్టిండ్రు?" అని నాయిన రోజూ కొత్తగా అడిగేవాడు. నేనూ రోజూ కొత్తగా చెప్పేదాన్ని. నాలుగు నెలలు మొండిగా అదే పని. మెల్లగా బస్సుల వైపు వెళ్ళడం మానేసి, ఆ చెక్క ముందే కుర్చీ వేసుకుని కూర్చోసాగాడు.

ఒక వానరోజు బురద కాళ్ళతో పెరటి తలుపు గుండా వచ్చి, ఆయనకు అన్నం పెట్టాను. ముట్టలేదు.

"బిళ్ళ ఆడనే ఉంది. నువ్వింక పైకి రాలే."

"నీ ముందట్నే నిలబడ్డ గదా నాయినా!"

"అవ్, నిలబడ్డవ్. మరి బిళ్ళెందుకున్నది?"

వానలో ఇల్లు చుట్టి ముందు తలుపు నుంచి వచ్చి బిళ్ళ తీసుకుంటే గానీ ముద్ద ముట్టలేదు. అప్పుడు తట్టింది నాకు. అమ్మ చర్చికి వెళ్ళడంతో ఇందాక రెండు బిళ్ళలూ వేలాడుతున్నాయి. చూడ్డానికి రెండూ ఒక్కలాంటివే. ఆయన వేలు మాత్రం తడుముకోకుండా రెండోదాన్నే చూపించింది.

"ఈ చెక్క ఎప్పుడన్న చూసినవా నాయినా?"

"లే బిడ్డా. ఇదే మొదలు చూసుడు."

మరి ఆ వేలికి ఎవరు చెప్పారు? ఆ ప్రశ్న పట్టుకునే హైదరాబాదు వెళ్ళి చదివాను. జరిగింది గుర్తుంచుకునే తోవ వేరు, అలవాటు నేర్చుకునే తోవ వేరు అని పెద్దలు అప్పటికే తేల్చారు. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయన్నది నా తగాదా. ఎలుకలు నా మాట వినలేదు, ఎన్నో ప్రయోగాలు బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. విషయం మార్చుకొమ్మన్నాడు ఒక పెద్దాయన. మార్చుకోలేదు. ఇప్పటికి సగం తేలింది.

నాయిన పోయినప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. కబురందగానే వెళ్ళి, ముందు తలుపు నుంచే లోపలికి అడుగుపెట్టి, మేకు మీది నా బిళ్ళ తీసుకున్నాను. చూసేందుకు కుర్చీలో ఆయన లేడు. మిగతా సగం కూడా తేలేదాకా దిగువనే ఉంటానని ఆ బిళ్ళను తెచ్చి ఇక్కడ తగిలించాను. చివరి బిళ్ళ పోయేదాకా ఆయన కదలడు కదా. పదకొండేళ్ళు గడిచినా, నా లెక్కన నాయిన షిఫ్టు ఇంకా అయిపోలేదు.