వీధికి వీపు పెట్టిన మనిషి

మా ఇంటాయన వీధికి వీపు పెట్టి కూర్చున్న రోజు ఊరంతా మెచ్చుకుంది. నేను మాత్రం మెచ్చుకోలేకపోయాను.

పెద్దముడియం దగ్గర మా ఊళ్లో రెండు పార్టీలు. ఒక పార్టీకి మా బావ, అంటే మా ఆయనకు అన్న, పెద్ద. ఆ కాలంలో మా మగవాళ్లు ఎవరూ నేర్పకుండానే కొన్ని నేర్చుకునేవాళ్లు. కుర్చీ గోడకు ఆనాలి, కళ్లు వీధి మీద ఉండాలి. పోయిన దారిన తిరిగి రాకూడదు. పెళ్లయిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. గడ్డం గీయించుకుంటున్న మా చిన్నమామను అవతలి పార్టీవాళ్లు వెనకనుంచి వచ్చి నరికిపోయాక, ఇక నవ్వలేదు.

ఎలక్షన్లకు ముందు ఆయనకు గుండెపోటు వచ్చింది. ప్రొద్దుటూరులో చూపించి బతికించుకున్నాం. ఇంటికొచ్చాక అందరం కలిసి ఆయన్ను చంటిబిడ్డను చేశాం. బిందె ఎత్తనీయం, మిద్దె ఎక్కనీయం, పార్టీ మాటలు చెవిన పడనీయం. ఎప్పుడూ పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చునే మనిషిని ఈసారి ఎవరూ పిలవలేదు.

"నువ్వు రెస్టు తీసుకోరా. ఆ పని ఇంగొకరు చూసుకుంటార్లే," అన్నాడు మా బావ.

"అట్లే కానీన్నా."

అంతే. ఇదివరకైతే కొట్లాడేవాడు.

ఆ తర్వాత తిండి తగ్గింది. గడ్డం గీసుకోమంటే "ఎవురు చూడాల?" అనేవాడు. ఒకరోజు అరుగు మీద కుర్చీ తిప్పుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

మా బావ పొంగిపోయాడు. "చూస్తివా మ్మా! చావును చూసొచ్చినోనికి ఇంగ ఎవురన్నా లెక్కే ల్యా. ఆ పార్టీ నాకొడుకులు ఇది చూసి ఏడవాల!"

నేను ఉండబట్టలేక అడిగాను. "ఏమయ్యా, భయం ల్యా నీకు?"

"ఎవురన్నా వస్తే రానీ మ్మే. మీచేత మోయించుకుంటా మంచంలో పడుండేదానికంటే అదే మేలు."

ఆ రోజు నుంచి ఆయన చూడని వీధిని నేను చూడటం మొదలుపెట్టాను. బియ్యం ఏరడం, శనక్కాయలు వలవడం అన్నీ ఆ అరుగు మీదే.

ఒక సాయంత్రం తెలియని జీపు ఒకటి మా ఇంటి ముందు ఆగింది. ఇంజను ఆపలేదు. లోపల నలుగురు.

"ఈ దారి జమ్మలమడుగుకు పోతాదా మ్మా?" ముందు కూర్చున్నవాడు అడిగాడు. అడిగింది నన్నే, చూస్తున్నది మాత్రం ఆయన వీపు.

నేను లేచి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. "పోతాదప్పా."

జీపు మెల్లగా కదిలింది. ఆయన తల కూడా తిప్పలేదు.

మరునాడే బావకు చెప్పకుండా ఆయన్ను జమ్మలమడుగులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అంతా విని, "మాత్రలు మింగుతాండావా అప్పా?" అని అడిగింది. "ల్యా," అన్నాడాయన. నా చేత్తో ఇచ్చిన మాత్రలే. అన్నీ ఎక్కడ పోయాయో!

"ఇది ధైర్యం కాదమ్మా, జబ్బు. గుండెకు దెబ్బ తగిలినాక శానా మందికి మనసు కుంగుతాది. ఇంగ దేనికీ పనికిరాను, అందరికీ బరువైపోతి అనుకుంటారు. దీనికీ మందుంది. మెల్లగా నడవనీ. చేతనైన పని చేయనీ."

ఇంటికొచ్చి ఎనుముకు మేత వేసే పని ఆయనకు అప్పజెప్పాను. మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని.

"నా తమ్ముని చేత ఎనుములు మేపిస్తావా?" మా బావ మండిపడ్డాడు.

"మేపిస్తా బావా. నీ మాదిరి అరవదు అది."

నెలలు గడిచాయి. ఒకరోజు వీధిలో లారీ టైరు ఢాం అని పేలింది. ఆయన ఎగిరి లేచి, నా చెయ్యి పట్టి లోపలికి ఈడ్చాడు.

"వాకిలెయ్ మ్మే! గమ్మునుండు!"

ఆయనకు భయం తిరిగొచ్చిందని నవ్వొచ్చి నేను కొంగులో మొగం దాచుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నాడు.

తెల్లారి కుర్చీ తనే తిప్పుకున్నాడు. వీధిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, నన్ను దగ్గరికి పిలిచి అడిగాడు.

"ఆ పొద్దు జీపులో వచ్చినోళ్ల మొగాలు గుర్తుండాయా నీకు?"

"నలుగురివీ," అన్నాను.