చెక్‌పోస్టు దగ్గర అన్నయ్య రేడియో

అన్నయ్య తన బైకుతో వచ్చిన స్పీకర్లకు ఇవాళ శాటిలైట్ రేడియో కలిపాడు. వేగం పెరిగితే శబ్దం దానంతటదే పెరిగే బండి అది. బర్మాలో మా ట్వంటే ఊరి రోడ్డెక్కగానే, సైన్యం వినకూడదన్న బయటి దేశపు బర్మీస్ వార్తలు మోగడం మొదలెట్టాయి. బటన్ ఎంత నొక్కినా ఆగలేదు. ఎదురుగా సైనికుల చెక్‌పోస్టు. బండి నెమ్మదించేసరికి వార్తలూ గుసగుసలైపోయాయి.

"ఏం వింటున్నావ్?" అని సైనికుడు అడిగాడు.

"పాటలే," అన్నాడు అన్నయ్య.

పొమ్మన్నారు. నేను వెనక నుంచి గిల్లాను.

"అన్నియ్యా, మెల్లగా పోనీ, నేదంటే మళ్లీ అరుస్తాది!"

"నాకు తెల్దేటి? నువ్వు నోర్ముయ్యే!"

మలుపు తిరిగేదాకా సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి. ఇంటికొచ్చాక "సౌండు అదిరింది కదే" అంటున్నాడు. రేపు నేను బస్సెక్కనా, చెప్పండి? ఇదంతా తెలుగులోనే ఎందుకు రాశానో మీకు వేరే చెప్పక్కర్లేదు.