మెట్టుకు మంచి మాట లేదు

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, నాకు అక్షరాలు రాకపోవడం. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక, మా వాడ భజన మందిరంలో ఆడవాళ్ళకు పెట్టిన బడిలో నేర్చుకున్నాను. రెండోది మా అత్త. పండగకో పబ్బానికో "విరిగింది" అని నోరు జారితేనే ఆమె ఊరుకునేది కాదు. కాగితం మీద పెడితే ఊరుకుంటుందా? నేను చెప్పబోయేదంతా ఆ మాట గురించే. ఒక్క మాట మింగి, ఒక పెద్దమనిషి కాలునూ ఒక పెళ్ళినీ ఎలా ఇరికించానో వినండి.

ఎనభైలలో మేము బొంబాయి కామాఠిపురాలో, గదికో కుటుంబం ఉండే ఒక చాల్‌లో, పై అంతస్తులో ఒక్క గదిలో ఉండేవాళ్ళం. అత్త, నా మొగుడు, నేను, మరిది సాయిలు. సాయిలు నాగ్‌పాడాలో లారీలకు రంగులేసేవాడు. బంగారంలాంటి పిల్లవాడు. కానీ పిల్లనిస్తామని వచ్చినవాళ్ళు మా గది చూసి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కనబడేవాళ్ళు కాదు. ఆ ఆదివారం ధారావి నుంచి ఇంకో సంబంధం వాళ్ళు వస్తున్నారు. ఇదీ తప్పిపోతే సాయిలుకు ఇక పెళ్ళి లేదని చాల్ అంతా తీర్మానం చేసేసి ఉంది.

పొద్దున్నే అత్త హుకుం జారీ చేసింది. "ఇయ్యాల మంచి మాటలు తప్ప నోట్లెకెళ్ళి ఇంకోటి రావద్దు. పగిలింది, విరిగింది, అయిపోయింది, ఆగిపోయింది, ఇవేవీ వినబడొద్దు."

"మరి బియ్యం?"

"నిండుకున్నయి అను."

"దీపం?"

"కొండెక్కింది."

"మెట్టు?"

చాల్ కర్రమెట్లలో నడిమి మెట్టు వానాకాలం నుంచి విరిగి, రెండు మేకుల దయ మీద వేలాడుతోంది. పైకి చూస్తే మాత్రం పెళ్ళికొడుకులా నున్నగా ఉంటుంది. మేమందరం దాన్ని దాటి కాలు వేయడం అలవాటు చేసుకున్నాం. పెద్దలు బియ్యానికీ దీపానికీ మంచి మాటలు పెట్టిపోయారు గానీ, మెట్టును ఎవరూ పట్టించుకోలేదు.

"దాని మాటే ఎత్తకు," అంది అత్త చివరికి.

ప్రాణం పోయినా ఎత్తకూడదనుకున్నాను. ఆ పట్టుదల అప్పుడే అక్షరాల మీద పెట్టి ఉంటే ఈపాటికి వకీలునయ్యేదాన్ని.

పిల్ల తల్లి, మేనమామ వచ్చారు. మేనమామ పాలమూరు నుంచి వచ్చి ధారావిలో స్థిరపడ్డ మేస్త్రీ. సిమెంటు బస్తా మీద ఇంకో బస్తా నిలబెట్టినట్టుంటాడు. ఎదురెళ్ళి వాళ్ళను పైకి తీసుకురావడం నా పని. నడిమి మెట్టు దగ్గరికి వచ్చేసరికి "విరిగింది" నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, మేకపిల్లలా ఎగిరి పై మెట్టు మీద పడ్డాను.

పిల్ల తల్లి నిలబడిపోయింది. "ఏందమ్మా, ఎందుకెగిరినవ్?"

"మా ఇంటి ఆచారం వదినా. కొత్త చుట్టాలు ఈ మెట్టు దాటి రావాలె."

"ఎవరు పెట్టిండ్రు?"

"పెద్దలు."

ఆమె పాపం నమ్మింది. కుచ్చిళ్ళు దోపుకొని ఎగిరింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మేనమామ మాత్రం కదల్లేదు.

"కాకా, మీరు గూడ."

"నేనెగరను. మా పాలమూరు దిక్కు మొక్కుడే గని ఎగురుడు లేదు."

"జర ఎగురుండ్రి కాకా, మీ కాళ్ళు మొక్కుత."

"అంత మహిమ గల మెట్టయితే, మొక్కే ఎక్కుత."

వంగి మెట్టును తాకి, చేతులు కళ్ళకద్దుకొని, కుడికాలు భక్తిగా దాని నడిమధ్య మోపాడు.

ఆ చప్పుడు ఫాక్‌లాండ్ రోడ్డు దాకా వినబడి ఉంటుంది. కాలు మోకాలి దాకా దిగబడింది. చెప్పు జారి కింద ఎవరిదో నీళ్ళ డ్రమ్ములో పడింది.

"ఏమైందే?" పైనుంచి అత్త కేక.

"ఏం కాలే అత్తా. కాకా మెట్టు మీద ఆగిండు."

"ఎందుకాగిండు?"

"మెట్టు నచ్చింది."

మేనమామ ఓపిక అక్కడితో సరి. "మెట్టు విరిగింది, నా కాలు గూడ విరిగిందేమో, నీ ఆచారం పాడుగాను," అని మొదలుపెట్టి, అత్త వద్దన్న మాటలన్నీ ఒక్కటీ వదలకుండా వరసగా అప్పజెప్పాడు. అత్త హారతి పళ్ళెం పట్టుకొని మెట్లపైన నిలబడి వింటోంది. ఆమె చేతిలో దీపం కొండెక్కింది.

నా మొగుడూ సాయిలూ వచ్చి, చంకల కింద చేతులేసి అతన్ని పైకి లాగారు. తోలు గీరుకుపోయింది గానీ ఎముక గట్టిదే. అయినా ఇంట్లోకి రానన్నాడు.

"నడువు చెల్లె," అన్నాడు పిల్ల తల్లితో. "మెట్టు విరిగిందని చెప్పనోళ్ళు ఇంకేం చెప్తరు? పిల్లగాని సంగతి ఏం దాస్తున్నరో."

సాయిలు పెదవులు బిగించుకొని నావైపు చూశాడు. నా ఎగురుడుకే పోతోంది ఈ సంబంధం. కొంగు నడుముకు బిగించి వాళ్ళకు అడ్డం నిలబడ్డాను.

"కాకా, అన్నీ చెప్త, విని పొండ్రి. మెట్టు విరిగింది. మీరు కూసుంటరని దుప్పటి పరిచిన మంచం కోడు విరిగింది, కింద ఇటుకలున్నయి. గోడ గడియారం ఆగిపోయింది. స్టవ్వుల గ్యాసునూనె అయిపోయింది, మీ చాయ పక్కింట్ల కాగుతున్నది. నా మరిదికి ముందటి పన్ను విరిగింది, పొద్దటిసంది అందుకే నోరు తెరుస్తలేడు."

అత్త పళ్ళెంతో సహా గోడకు చేరగిలబడింది.

మేనమామ సాయిలు వైపు తిరిగాడు. "ఏదీ, నవ్వు."

సాయిలు నవ్వాడు. కిటికీ తెరిచినట్టయింది.

"మాటలే రావేమోననుకున్న," అన్నాడు మేనమామ. కాసేపు మోకాలు రుద్దుకున్నాడు. "ఇగ మాది గూడ విను. మా పిల్లకు కోపమొస్తే గిన్నెలు ఇసురుతది."

"ఇసరనీ కాకా. మా గిన్నెలన్నీ ఎట్లాగూ సొట్టలే."

ముందు పిల్ల తల్లి నవ్వింది. తర్వాత పక్కింటి చాయ వచ్చింది. అది తాగే లోపే సంబంధం ఖాయమైంది. తిరిగి దిగేటప్పుడు మేనమామ, ఒంటి చెప్పుతో, నడిమి మెట్టును ఎగిరి దాటాడు.

మర్నాడు తెల్లారగానే మెట్ల దగ్గర నిలబడి, ఆ కన్నం మీద చెయ్యి చాచి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట విరిగినదాన్ని విరిగిందనే అంటాను, ఆగినదాన్ని ఆగిందనే అంటాను, ఎంత పెద్ద చుట్టం వచ్చినా ఎగరను. వెంటనే అమలులో పెట్టాను. పైకి వచ్చే ప్రతివాళ్ళకూ "మెట్టు విరిగింది" అని చెప్పాను. పాలవాడు కింది నేల దాకా కనబడుతున్న ఆ కన్నంలోకి చూసి, తర్వాత నా మొహంలోకి చూసి, "దిఖ్ రహా హై, భాభీ," కనబడుతూనే ఉంది వదినా అన్నాడు. అయినా మానలేదు.

"పొద్దున్నే ఏమంటున్నవే?" పైనుంచి అత్త గొంతు.

"విరిగింది అంటున్న అత్తా."

అత్త మెట్లపైకి వచ్చి కన్నంలోకి తొంగి చూసింది.

"అనేదేదో మెల్లగెందుకు? కిరాయి వసూలుకొచ్చే మాలక్‌కు వినబడేటట్టు అను."

గొంతు సవరించుకొని, చాల్ అంతా లేచేటట్టు అన్నాను.