కర్ర విమానం, రెండో బాంబు

బుధవారం ఉదయం ఏడున్నరకు లారీ దిగాం. మలేసియాలో తెలుక్ ఇంటాన్ పట్నం నుంచి లోపలికి గంటంపావు దారి, చివరి నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి. ఎడమ పక్క నరికేసిన పామాయిల్ తోట, కుడి పక్క అడవి. ముందురోజు పడిన వానకు బూట్లు చీలమండల దాకా దిగబడ్డాయి. మేం తొమ్మిదిమందిమి. ఇనుమును పసిగట్టే డిటెక్టర్లు నాలుగు, మూడు రేడియోలు, తెల్ల టేపు చుట్టలు, పన్నెండు రోజుల రేషన్. ఆర్డరు ఒక్కటే: పడిపోయిన విమానం చుట్టూ నేలంతా వెతకాలి, పేలేది ఏదైనా ఉంటే పట్టుకోవాలి.

పాత చెట్లు పీకి కొత్తవి వేయడానికి తవ్వుతుంటే ఎక్స్‌కవేటర్ పళ్లకు ఒక ఇంజను తగిలిందట. వైమానిక దళం నుంచి వచ్చిన టెక్నీషియన్ చూసి, ఇది హార్నెట్ అన్నాడు. పంకాతో ఎగిరే యుద్ధవిమానాల్లో దీన్ని మించి పరుగెత్తినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. గంటకు ఏడొందల అరవై కిలోమీటర్లు. డెబ్బై ఏళ్ల కిందట అడవిలోని గెరిల్లాల మీద బాంబులు వేయడానికి బ్రిటిష్‌వాళ్లు తెచ్చారు. అంత వేగం గల దాని ఒళ్లు చాలావరకు కర్ర, జిగురు. మన ఎండకూ తేమకూ జిగురు పట్టు వదిలేసేదని టెక్నీషియన్ చెప్పాడు. ఈ విమానం పైలట్ పారాచూట్ కట్టుకుని దూకి బతికాడట. కర్రను చెదలు తినేశాయి. మిగిలింది రెండు ఇంజన్లు, ఒక పంకా రెక్క. అతను తెచ్చిన పాత రికార్డు కాగితంలో ఇంకో మాట కూడా ఉంది: బయల్దేరినప్పుడు రెండు బాంబులు, ఒక్కటీ వేయలేదు.

మా ఊరు బంటింగ్‌లో మా వీధివాళ్లు నన్ను ఆటపట్టిస్తుంటారు. యుద్ధం లేని దేశంలో ఇరవై రెండేళ్లు సైనికుడివి, నీకు భయం ఏం తెలుసు అని. వాళ్లకోసమే ఈ ఏడు రోజుల సంగతి చెబుతున్నాను.

మా అమ్మ నాకు ఒక నియమం పెట్టింది. ఏ కొత్త చోట డ్యూటీ పడినా, దగ్గరలో ఉన్న అమ్మవారికి మొదటిరోజే కొబ్బరికాయ కొట్టాలి. అక్కడా ఉంది. అడవి అంచున నాలుగు గుంజల మీద జింకు రేకు, ముందు ఒక త్రిశూలం, రెండు గంటలు. నడుమ నేలలోంచి జానెడున్నర పైకి లేచిన నల్లటి గుండ్రటి అమ్మవారు, ఒళ్లంతా పసుపు. నెత్తిన చిన్న గుంట, దాన్నిండా కుంకుమ. గుడి చూసుకునేది అప్పయ్యమ్మ అనే ముసలావిడ. రెండొందల మీటర్ల అవతల, పాత కూలి లైన్లలో ఉంటుంది. పదకొండు ఇళ్లు, అందరూ మనవాళ్లే. నేను తెలుగు మాట్లాడేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. తన మనవలకు తెలుగు అర్థమవుతుందట, జవాబు మాత్రం తమిళంలో వస్తుందట.

"అమ్మోరి నెత్తినే కొట్టు బాబూ," అంది. "మా అమ్మ కాణ్నించీ అలాగే కొడతన్నాం."

కొట్టాను. ఒక్క దెబ్బకే కాయ రెండు చెక్కలైంది. డ్యూటీ చక్కగా సాగుతుందని సంతోషించాను. గుంటలో బొటనవేలు పెట్టి కుంకుమ తీసి నుదుట దిద్దుకున్నాను.

గురువారం పని మొదలైంది. ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్లీ రెండు నుంచి వాన వచ్చేదాకా. నాలుగింటికి వాన తప్పేది కాదు. నేలను గడులుగా విడగొట్టి, టేపు కట్టి, ఒక్కో గడిలో డిటెక్టరు తిప్పి, పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం కార్పొరల్ పని. కార్పొరల్ని నేనే.

గడి పదిహేడు గుడి మీదికి వచ్చింది. మా సాపర్, అంటే బాంబుల్ని తీసి పేల్చేవాడు, కెలాంతన్ నుంచి వచ్చిన మలయ్ కుర్రాడు, బూట్లతో గడప దగ్గర ఆగి నా వంక చూశాడు. అప్పయ్యమ్మ అడ్డం నిలబడింది. చెప్పులూ, పరాయి ఇనుమూ అమ్మోరి ముందుకు రాకూడదంది. డిటెక్టరు బయటినుంచే కీచుమంటోంది. త్రిశూలం, గంటలు, రేకు ఉండగా కీచుమనదా మరి? పక్కనుంచి పొమ్మని సాపర్‌కు చెప్పాను. పుస్తకంలో మాత్రం 'గడి పదిహేడు, చూశాం, ఏమీ లేదు' అని రాశాను. అమ్మవారిని అనుమానించానని రాయడానికి చెయ్యి రాలేదు. నా ఉద్యోగంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం మొదటి బాంబు దొరికింది, ఇంజనుకు ఇరవై అడుగుల దూరంలో, మీటరు లోతున. శనివారం లైన్లవాళ్లను పట్నంలో ఒక బడి హాలుకు తరలించి, అక్కడికక్కడే పేల్చాం. ఆ మోతకు అడవిలో కోతులు సాయంత్రం దాకా అరుస్తూనే ఉన్నాయి. లైన్లవాళ్లు వెనక్కి వచ్చారు.

రెండోది లేదు. ఆదివారం లేదు, సోమవారం లేదు. గడులన్నీ అయిపోయాయి.  తుప్పు పట్టిన బాంబు గురించి సాపర్‌ని అడిగాను.

"ఇంకో వందేళ్లు పడుకోవచ్చు," అన్నాడు. "ఒక్క దెబ్బకు లేవనూ వచ్చు."

సోమవారం సాయంత్రం మా కెప్టెన్ పుస్తకం తెప్పించుకుని, వదిలేసిన గడులేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే గడి పదిహేడులో త్రిశూలం వల్ల కొంచెం మోత వచ్చిందని చెప్పాను. ఆయన తలూపి పేజీ తిప్పారు. ఆయన ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మంగళవారం. పదీ నలభై. నేను కమాండు డేరాలో టీ తాగుతున్నాను. టెక్నీషియన్ బల్లమీద ఆ కాలపు బాంబు బొమ్మ పరిచి, వెనకవైపు చూపించాడు. తోక రేకు పల్చనిది, ముందే తుప్పు పట్టి రాలిపోతుందట. మిగిలేది గుండ్రటి మొండెం, మధ్యలో గుంట. ఆ గుంటలోనే పేల్చే ఫ్యూజు ఉంటుందట.

ఆ గుంట కొలత నాకు తెలుసు. నా బొటనవేలు పట్టేంత.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం. అంతకన్నా ఘోరం, మంగళవారం పదకొండింటికి అప్పయ్యమ్మ పూజ. రేడియో అందుకున్నాను. గుడి దగ్గర కాపలా, రేడియోలు చూసుకునే మా సిగ్నలర్‌ది.

"ముసలావిడ వచ్చిందా?"

"వచ్చింది. పసుపునీళ్లతో కడుగుతోంది."

"కొబ్బరికాయ?"

"పళ్లెంలో ఉంది."

కెప్టెన్‌కు రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన రేడియోలో సిగ్నలర్‌ని ఆవిణ్ని బయటికి తీసుకురమ్మన్నారు. పూజలో ఉండగా ముట్టుకోనివ్వడం లేదు, గంట తీసి కొట్టబోయింది అని జవాబొచ్చింది. అయితే నువ్వు వెనక్కి వచ్చెయ్ అని సిగ్నలర్‌కు చెప్పి, నావైపు తిరిగారు. "నీ మాటే వింటుంది, వెళ్లు," అన్నారు.

ఆరువందల మీటర్లు. బురద. హెల్మెట్ ఎక్కడ పడిపోయిందో తెలియదు.  దేవుడి పేరు నోటికి రాలేదు. ఏ పేరు తలుచుకోవాలో తెలియలేదు.

నేను రేకు కిందికి వెళ్లేసరికి ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. రెండు చేతులా కాయ తల మీదికి ఎత్తి ఉంది. అరిస్తే ఉలిక్కిపడి వదిలేస్తుంది. లాగితే జారిపోతుంది. మోకాళ్ల మీద కూలబడి అరచెయ్యి ఆ గుంట మీద మూశాను. కాయ వచ్చి నా చేతి మీద పడింది. రెండు వేళ్లు విరిగిన చప్పుడు విన్నాను. కాయ పగల్లేదు.

ఆవిడ కళ్లు తెరిచింది. "ఏటి సేసినావురా? అమ్మోరికొచ్చిన కాయకి సెయ్యడ్డెట్టినావేటి?"

"మామ్మా, తరవాత తిట్టు. ఇప్పుడు నాతో రా."

"నాను రాను."

ఆవిడకు మోకాళ్ల నొప్పి. బతిమాలే వ్యవధి లేదు. వీపు మీద వేసుకుని నడిచాను. దారంతా నా తలమీద గుద్దుతూనే ఉంది. బరువు ముప్పైయైదు కిలోలు ఉంటుందేమో. వీపు మీద ఆమె గుండె కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది.

కెప్టెన్‌కు గడి పదిహేడు గురించి నిజం చెప్పాను. ఎవరు రాశారని అడిగితే నేనే అన్నాను. రాసింది కొట్టెయ్యొద్దు, దాని కిందే జరిగింది రాయి అన్నారు. ఎడమచేత్తో రాశాను, కోడిగీతల్లా. దానికి రావలసిన శిక్ష వచ్చింది, అది ఇక్కడ అనవసరం.

లైన్లు మళ్లీ ఖాళీ చేయించారు. ఒంటిగంటకు సాపర్ ఒక్కడే లోపలికి వెళ్లాడు. గడప దగ్గర బూట్లు విప్పాడట. తర్వాత నేను అడిగితే, ఆవిడ వద్దంది కదా అన్నాడు. నాలుగూ పదికి పేల్చారు. వాన మొదలై ఉంది.

బడి హాల్లో అప్పయ్యమ్మ పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. విమానం, బాంబు, గుంట, నేను రాసిన అబద్ధం. ఆవిడ నా కట్టు కట్టిన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని విన్నది. 

"మా అమ్మ కొట్టినాది, నాను కొట్టినాను, నువ్వూ కొట్టినావు," అంది చివరకు. "ఇన్నేళ్లు ఎవుల్నీ ఏటీ సెయ్యనేదు. అలాటిదాన్ని అమ్మోరు కాదంటే ఎలగ బాబూ?"

 

బస్సులో క్లాంగ్ వచ్చి, అక్కడినుంచి బంటింగ్ చేరాను. మా ఆవిడ చెయ్యి చూసి ఏడ్చింది. మరుసటి మంగళవారం ఇంట్లో పూజకు కాయ కొట్టమంది. చప్పుడు వినలేనన్నాను. అప్పటినుంచి తనే, పెరట్లోకి వెళ్లి, తలుపు వేసి కొడుతోంది. ఆ రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

మోత మరిచిపోయాను. పరుగు మరిచిపోయాను. తను లోపల ఏం చేశాడో సాపర్ చెప్పిందొక్కటే, నేను కళ్లతో చూడకపోయినా, కళ్లముందునుంచి పోదు. జింకు రేకు కింద, ఉత్త కాళ్లతో, ఒక మలయ్ కుర్రాడు బోర్లా పడుకుని, వెదురు పుల్లతో ఆ గుంటలోంచి కుంకుమ తీస్తున్నాడు. పైన ఎరుపు, కింద నలుపు, ఇంకా కింద రాయిలా గట్టిపడింది. పొర కింద పొర. తీసిన పొడినంతా నేలమీద పారబోయకుండా, ఒక ఆకులో పెడుతున్నాడు.